కొక్కేల మీది లెక్కలు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే పక్క క్వార్టర్ కాలేజీ అమ్మాయి రాస్తోంది. చదువు రానిదానివి, బిడ్డకు లెక్కలు ఎట్లా నేర్పావని చాలామంది అడిగారు. నేనేమీ నేర్పలేదు. పక్కన కూర్చున్నాను. ఒకచోట తప్పు కూడా చెప్పాను. అది కూడా రాయమన్నాను.

బిడ్డ అప్పుడు ఐదో తరగతి. వాళ్ళ నాన్న పోయి ఏడాదిన్నర అయింది. దసరా సెలవులకు ముందు బడిలో పరీక్ష పెట్టారు. తర్వాత టీచరమ్మ నన్ను రమ్మని కబురు చేసింది. డ్యూటీ దిగి అట్లాగే వెళ్ళాను. ఆమె లెక్కల పేపరు తీసి నా ముందు పెట్టింది. చదువు రాకపోయినా తెల్ల కాగితం తెలుస్తుంది కదా. బిడ్డ పైన పేరు రాసింది, మొదటి లెక్క ఎత్తి రాసుకుంది, అక్కడితో ఆపేసింది.

"యాభైకి నాలుగు," అంది టీచరమ్మ. "ఆ నాలుగు గూడ సున్నా ఏసుడు మనసొప్పక ఏసిన. ఇంటికాడ లెక్కలు ఎవలు చూస్తరు?"

"వాళ్ళ నాయిన చూసేటోడు మేడం."

"ఇప్పుడు?"

నేను పేపరు ఆమె వైపు జరిపాను. ఆమె దాన్ని మడిచి పెట్టింది.

"వేసవిల హాస్టల్ బడికి పరీక్ష ఉంటది, ఆరో తరగతికి. సగం పేపరు లెక్కలే. గిట్లుంటె ఫారం నింపి ఫాయిదా లేదు. జనవరి దాక చూస్త. రోజు కూసోవెట్టున్రి."

"నాకు రాదు మేడం."

"రాకున్నా కూసోన్రి. పక్కన మనిషుంటే పిల్ల కలం పడతది."

ఆ హాస్టల్ సీటు మాకు ఎందుకు కావాలో చెప్పాలి. భర్త పోయాక కంపెనీ నాకు అతని బదులు బాయి మీద పని ఇచ్చింది. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. నాది పైన ల్యాంపు రూములో పని. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండో షిఫ్టు. రెండో షిఫ్టు అయితే మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి పదకొండు దాకా ఇంట్లో పెద్దమనిషి ఉండరు. ఎదురు క్వార్టర్ అవ్వ బిడ్డకు అన్నం పెట్టి, తన దగ్గర పడుకోబెట్టుకునేది. ఆ అవ్వ వేసవిలో నస్పూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతానంది. అవ్వ వెళ్తే పదేళ్ళ పిల్ల ఒక్కతే తలుపు వేసుకుని ఉండాలి. లేదంటే నేను పని మానాలి. సీటు వస్తే రెండూ తప్పుతాయి. నా ఆలోచన అంతవరకే. పిల్ల పెద్ద చదువులు చదవాలి, ఇంకేదో కావాలి అని ఆ రోజుల్లో నాకేమీ తోచేది కాదు. అన్నం వండేదాన్ని, డ్యూటీకి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని.

వాళ్ళ నాన్న పదో తరగతి పాసయ్యాడు. షిఫ్టు దిగి రాగానే గడప మీద కూర్చునేవాడు. బూట్లు విప్పకముందు బిడ్డను ఒక లెక్క అడిగేవాడు. సరిగ్గా చెబితే ఒక బూటు లేసు విప్పడానికి ఆమెకు హక్కు. రెండో లెక్క చెబితే రెండోది. తప్పు చెబితే బూట్లతోనే కూర్చునేవాడు, "ఇగ నేను బూట్లతోనే పండుకోవాలె," అని. ఆమె మళ్ళీ ఆలోచించి చెప్పేది. నేను వంటింట్లోంచి వినేదాన్ని. నాకు ఆ లెక్కలు అర్థమయ్యేవి కావు, నవ్వులు వినపడేవి.

టీచరమ్మ చెప్పింది కదా అని కూర్చున్నాను. మొదటి నాలుగు రోజులు ఇద్దరం పుస్తకం ముందు కూర్చుని పుస్తకాన్ని చూశాం. ఆమె రాయదు. నేనేం చెప్పాలో నాకు తెలియదు. "రాయి," అంటాను. "రాస్త," అంటుంది. అన్నం టైమవుతుంది, లేస్తాం.

ఆ సమయంలోనే ల్యాంపు రూములో నాకు మాట పడింది. అక్కడి పని ఏమిటంటే, ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుతో ఒక ఇత్తడి బిళ్ళ. కిందికి దిగేవాడు తన బిళ్ళ నాకు ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. నేను ఆ బిళ్ళను పెద్ద పలక మీద అతని నంబరు కొక్కేనికి తగిలించాలి. పైకి వచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ళ తీసి ఇవ్వాలి. పలక మీద బిళ్ళ ఉన్నదంటే మనిషి కింద ఉన్నాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే పైకి వచ్చేశాడు. ఇంతే. కానీ నాకు అంకెలు సరిగ్గా రావు. ఒకరోజు ఎనభై ఆరు నంబరు బిళ్ళను తీసుకెళ్ళి అరవై ఎనిమిది కొక్కేనికి తగిలించాను. అరవై ఎనిమిది నంబరు అతను ఆ రోజు డ్యూటీకే రాలేదు. షిఫ్టు సగంలో మా సీనియర్, అందరూ కాక అని పిలిచే పెద్దాయన, పలక చూసి నా మీదికి వచ్చాడు.

"ఏంది బిడ్డా, ఇంటికాడ పండుకున్నోన్ని బాయిల దింపినవా?"

అందరూ నవ్వారు. కాక నవ్వలేదు. బిళ్ళ మార్చి, నన్ను పలక ముందు నిలబెట్టాడు.

"అంకె మొకం చూడకు, జాగ చూడు. వరుసకు పది కొక్కేలు. ఎనభై దాటినోడు తొమ్మిదో వరుసల ఉంటడు. ఆరు అంటే ఆ వరుసల ఆరోది. వరుస పట్టుకుంటే మనిషి దొరుకుతడు. ఇంటికాడ నేర్చుకో. రేపు మల్ల గిట్ల చేస్తె నేను ఊకోను."

ఇంటికి వచ్చి మిక్సీ అట్టపెట్టె కోశాను. వరుసకు పది చొప్పున చీపురు పుల్లలు గుచ్చాను, పది వరుసలు. సోడా సీసాల మూతలకు మేకుతో బొక్కలు కొట్టి, బొగ్గుతో కాక రాసిచ్చిన నంబర్లు చూసి గీశాను. ఇది బిడ్డ కోసం చేయలేదు. నా పని పోకుండా చేసుకున్నాను. రోజూ సాయంత్రం, రెండో షిఫ్టు వారమైతే పొద్దున, ఆమె పుస్తకం ముందు ఉత్తగా కూర్చుంటే, నేను పక్కన అట్ట పెట్టుకుని మూతలు తగిలించేదాన్ని.

మూడో రోజు ఆమె అంది, "అమ్మా, అది యాభై మూడు."

"నేను గదే పెట్టిన గద."

"నువ్వు ఐదో వరుసల పెట్టినవు. ఐదో వరుసల యాభై వరకే ఉంటయి. యాభై మూడు ఆరో వరుస."

"ఎందుకు? ఐదు అంటే ఐదో వరుసనే గద."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. తర్వాత పుల్లలు ఒక్కొక్కటి ముట్టుకుంటూ లెక్కపెట్టి చూపించింది. ఒకసారి అర్థమైనట్టుంది, మళ్ళీ పోయింది. రెండోసారి చూపించింది. అప్పుడు, "నీకు రాదే అమ్మా," అని నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక లెక్కల పుస్తకం పక్కన ఆమె నవ్వడం అదే మొదటిసారి. నాకు సంతోషం కలిగిందని చెప్పను. చెప్పలేను. నవ్వింది అని మాత్రం గుర్తుంది.

అప్పటి నుంచి ఆమె ల్యాంపు రూము ఇన్‌చార్జి, నేను కూలీని. స్టూలు మీద కూర్చునేది. నేను ముందు నిలబడాలి.

"నంబరు చెప్పు."

"నలభై మూడు మేడం."

"బిళ్ళ ఇయ్యి. దీపం తీస్కో. బెల్టు గట్టిగ కట్టుకో. జల్ది పో, ఎనక లైన్ ఉన్నది."

ఎనక ఎవరూ లేరు. అయినా నేను జరిగేదాన్ని. తర్వాత లెక్కలు అడిగేది. అరవై మంది దిగారు, ఇరవై రెండు మంది పైకి వచ్చారు, కింద ఎందరు? నేను ఒక్కో మూత తీస్తూ లెక్కపెడితే తల కొట్టుకునేది. "ఒక్కొక్కటి తీసుకుంట కూసుంటె తెల్లారుతది. ముందుగాల రెండు వరుసలు మొత్తం తియ్యి. తర్వాత రెండు. సూడు, ముప్పై ఎనిమిది." నేను చూసేదాన్ని. అట్ట మీద ముప్పై ఎనిమిదే ఉండేవి.

ఆమెకు తెలియకుండానే పుస్తకంలో లెక్కలు చేయడం మొదలుపెట్టింది. లెక్క పైకి చదివేది, నాకు అర్థమయ్యేట్టు చెప్పమని నేను అడిగేదాన్ని. నటించలేదు. నిజంగా నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పాలంటే ఆమె మొదటి నుంచి చెప్పాలి. సగంలో ఆగిపోతే, "మరి అటెన్క?" అని అడిగేదాన్ని. మళ్ళీ వెనక్కి వెళ్ళేది. తప్పు ఎక్కడ చేసిందో చెబుతూ చెబుతూ తనే పట్టుకునేది.

భిన్నాల దగ్గర మాత్రం నేను కొంచెం పనికొచ్చాను. పుస్తకంలో గుండ్రాలు గీసి ముక్కలు చేశారు. ఆ ముక్కలు ఆమెకు ఎక్కలేదు. మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొలత పాత్రలు మానిక, తవ్వ, సోల, గిద్ద అటక మీద ఉన్నాయి. దించి కడిగాను. బియ్యం డబ్బా ముందు కూర్చున్నాం. రెండు తవ్వలు పోస్తే మానిక నిండింది. రెండు సోలలు పోస్తే తవ్వ నిండింది. ఇవి నాకు చిన్నప్పటి నుంచి చేతికి తెలుసు, అంకెలు లేకుండా.

"అంటే తవ్వ మానికల సగం. సోల నాలుగో వంతు," అంది. "మరి గిద్ద?"

"నాలుగు గిద్దలు సోలెడు."

గిద్దతో పోసి చూసింది. పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. "పదహారో వంతా! గింత గిద్దకు గంత లెక్కనా?"

ఆ రోజు బియ్యం నేల మీద పడ్డాయి. ఏరుకున్నాం.

ల్యాంపు రూములో కాకకు ఈ సంగతి తెలిసింది. "ఏం బిడ్డా, బాయిని ఇంటికి మోసుకపోయినవట గద? నీ బిడ్డను గీడికి తోలు, నీకన్న మంచిగ చేస్తది," అన్నాడు. ఆ తర్వాత నేను బిళ్ళ తప్పు తగిలించలేదు.

జనవరిలో టీచరమ్మ పాత పరీక్షల ప్రశ్నలతో ఒక పేపరు పెట్టింది. బిడ్డకు యాభైకి ముప్పై నాలుగు వచ్చాయి. ఫారం నింపుదాం, కాగితాలు పట్టుకుని రమ్మంది. బడి వదిలాక వెళ్ళాం. ఖాళీ తరగతి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ముందు ఆమె ఆ పేపరు తీసింది.

"చానమటుకు మంచిగ చేసింది. గీ గడియారం లెక్క కాడ మాత్రం మొండికేస్తది. ఎన్నిసార్లు చెప్పినా అదే రాస్తది. మా అమ్మ చెప్పింది అంటది. మీరే సూడున్రి." పైకి చదివింది. ఒక కాపలాదారు పద్నాలుగో తేదీ రాత్రి పది గంటలకు పనికి వెళ్ళాడు. ఎనిమిది గంటలు పనిచేశాడు. ఏ తేదీన, ఎన్ని గంటలకు పని దిగాడు? బిడ్డ రాసింది పద్నాలుగో తేదీ పొద్దున ఆరు గంటలకు అని.

"సరిగ్గనే ఉన్నది గద మేడం," అన్నాను.

టీచరమ్మ కలం కింద పెట్టింది. "ఎట్ల సరిగ్గున్నది?"

"పద్నాలుగు నైట్ షిఫ్టు గద. పొద్దుగాల దిగితే పద్నాలుగు హాజరే పడతది. పదిహేను హాజరు పొద్దుగాలనే పడితే, పదిహేను నాడు రాత్రి మల్ల డ్యూటీకి ఎట్ల పోతడు?"

"నేను చెప్పలేదా మేడం?" అంది బిడ్డ.

టీచరమ్మ నవ్వింది. "తల్లీబిడ్డలకు బాయి క్యాలెండరే ఉన్నట్టున్నది. పన్నెండు కొట్టంగనే తారీఖు మారుతదమ్మా. మనిషి పనిల ఉన్నా మారుతది, పండుకున్నా మారుతది."

"ఆ మనిషి ఇంటికి రాకముందేనా?"

"రాకముందే."

నాకు తెలియదని కాదు. కొత్త సంవత్సరం నాడు పన్నెండింటికే పటాకులు కాలుస్తారు. తెలిసిందే. కానీ మా ఇంట్లో పన్నెండేళ్ళు తారీఖు అట్లా మారలేదు. నైట్ షిఫ్టు వారంలో అతను పొద్దున వచ్చి నల్లా దగ్గర కాళ్ళు కడుక్కున్నాకే నేను క్యాలెండర్ కాగితం చింపేదాన్ని. హాజరు బుక్కులో కూడా అట్లాగే రాసేవారు. రాత్రి దిగినవాడు పైకి వచ్చేదాకా ఆ రోజు అయిపోనట్టే. బిడ్డ అడిగితే అదే చెప్పాను.

టీచరమ్మ ఫారం తీసింది. బిడ్డ పేరు రాసింది, నా పేరు రాసింది. తండ్రి లేని పిల్ల కాబట్టి తండ్రి పోయిన తారీఖు రాయాలట. అడిగింది. పదో తారీఖు అని చెప్పాను. రాయబోయి, నేను తెచ్చిన దవాఖాన కాగితం చూసింది. చెయ్యి ఆగింది.

"దీంట్ల పదకొండు ఉన్నదమ్మా."

ఆ కాగితం నా దగ్గర ఏడాదిన్నర పైనుంచి ఉంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెట్టెలో బట్టల కింద దాచాను. ఎక్కడ అడిగితే అక్కడ ఇచ్చాను. చూసిన ప్రతివాళ్ళూ తిరిగి ఇచ్చేశారు. దాని మీద ఏముందో నేను చదవలేదు.

అతను పదో తారీఖు నైట్ షిఫ్టుకు దిగాడు. తెల్లవారుజామున అయిదింటికి ఛాతీలో నొప్పి అన్నాడట. తోటివాళ్ళు చేతుల మీద పైకి తెచ్చారు. దవాఖానలో అప్పుడే ప్రాణం పోయిందన్నారు. గుండె. ఎవరి తప్పూ లేదు. హాజరు పదో తారీఖుది పడింది. దినాలు చేసేటప్పుడు పెద్దలు కూడా పొద్దు పొడవకముందు పోయాడు కాబట్టి ముందురోజే లెక్క అన్నారు. ఫోటోకు ఫ్రేమ్ కట్టినతను ఏ తారీఖు రాయాలంటే పది అని చెప్పాను. గోడ మీద అదే ఉంది. ఇదంతా టీచరమ్మకు చెప్పాను.

"ఫారంల ఒకటి, కాగితంల ఒకటి ఉంటే పిల్ల ఫారం పక్కకు పెడతరు," అంది మెల్లగా. "మీరు చెప్పున్రి. ఏది రాయాలె?"

చెప్పలేదు. పదకొండు అనడానికి ఏముంది, ఒక మాట. టీచరమ్మ కలం పట్టుకుని కూర్చుంది. బయట బడి ఆయా చీపురుతో వరండా ఊడుస్తోంది.

బిడ్డ పెన్సిల్ తీసుకుంది. తన పేపరు వెనక రాసుకుంటూ పైకి చదివింది.

"పదో తారీఖు రాత్రి పదకొండు గంటలకు దిగిండు. అయిదింటికి అంటే ఆరు గంటలు. ఒక గంటకే పన్నెండు అయింది. ఆడ తారీఖు మారింది. ఇంక అయిదు గంటలు. పదకొండో తారీఖు పొద్దున అయిదు." తల ఎత్తింది. "పదకొండు రాయున్రి మేడం."

వేరే ఏ లెక్క చెప్పినా అట్లాగే చెప్పేది. టీచరమ్మ రాసింది. బిడ్డ పేపరు ముందుకు తిప్పి, కాపలాదారు లెక్కలో పద్నాలుగు కొట్టేసి పదిహేను వేసింది.

"ఇప్పుడు దిద్దితే నేను మార్కు ఇయ్య," అంది టీచరమ్మ.

"మార్కు అద్దు మేడం. ఊకనే దిద్దిన."

ఇంటికి నడిచి వచ్చాం. దారిలో బొగ్గు లారీ వెళ్తే కొంగుతో ఆమె ముఖం కప్పాను. అది వెళ్ళాక అంది, "అమ్మా, నువ్వు నాకు తప్పు చెప్పినవు."

"ఆఁ."

"ఆఁ కాదు. తప్పు చెప్పిన అను."

"తప్పు చెప్పిన బిడ్డా."

"తెల్వకపోతే తెల్వదు అనాలె. ఊకె చెప్పద్దు."

"సరే."

కొంతదూరం నడిచాక ఫోటో గురించి ఆమే ఎత్తింది. "ఫోటో కింద పదే ఉండనియ్యి. అది బాయి తారీఖు. ఫారంల పదకొండు."

ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఉల్లిగడ్డలు తీసుకుని ఇంటికి వచ్చాం. ఆ రోజు నుంచి నాకు తెలియని చోట తెలియదు అన్నాను. చాలాసార్లు అనాల్సి వచ్చింది.

ఏప్రిల్‌లో పరీక్ష. మంచిర్యాలలో సెంటరు. గేటు బయట చాలామంది తల్లులు, తండ్రులు. లోపలి నుంచి వచ్చేసరికి ఆమె జడ ఒకటి ఊడి ఉంది.

"ఎట్ల రాసినవు?"

"రెండు ఇడిచిపెట్టిన."

"ఎందుకు?"

"రాలేదు. రానివి రాయలే." బస్సు ఎక్కాక, "గడియారం లెక్క ఇయ్యలే ఈసారి," అని చెప్పింది, నిరాశగా.

మొదటి లిస్టులో ఆమె పేరు లేదు. అవ్వ సామాను కట్టుకుంటోంది. రెండో లిస్టులో వచ్చింది. బెల్లంపల్లి దగ్గర హాస్టల్ బడి. టీచరమ్మ ఫోన్ చేసి చెబితే, "మంచిది మేడం," అన్నాను. పెట్టె కొన్నాను, పళ్ళెం, గ్లాసు, రెండు దుప్పట్లు. తీసుకెళ్ళి దింపి, సంతకం పెట్టి వచ్చాను. ఆమె ఏడవలేదు. పక్క మంచం పిల్ల ఏడుస్తుంటే చూస్తూ నిలబడింది. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సీటు రావాలనే కదా రోజూ కూర్చున్నది. వచ్చింది. ఇంటికి వచ్చి తాళం తీస్తే ఇల్లు సర్దినట్టు ఉంది. రెండో షిఫ్టు. అన్నం తిని వెళ్ళాను.

ఆదివారాలు హాస్టల్‌లో పిల్లలకు ఫోన్ ఇస్తారు, ఒక్కొక్కరికి కొద్దిసేపు. మొదటి ఆదివారం తిండి గురించి చెప్పింది. రెండో ఆదివారం చెరువు వైపు కిటికీ దగ్గర మంచం దొరికిందంది. మూడో ఆదివారం తనే లెక్కల మాట తెచ్చింది.

"అమ్మా, ఆరో తరగతిల లెక్కల్ల అక్షరాలు కూడ ఉంటయి."

"లెక్కల్ల అక్షరాలెందుకు?"

"అంకె ఎంతో తెల్వదనుకో, దాని జాగల ఒక అక్షరం రాస్తరు. తర్వాత అది ఎంతో తీస్తరు."

"మరి అక్షరం కూడ రాకపోతే?"

ఆమె నవ్వింది. అటు పక్క ఇంకెవరికో చెబుతోంది, మా అమ్మ ఏమన్నదో తెల్సా అని. ఇంకో పిల్ల కూడా నవ్వింది. తర్వాత వెనుక లైన్ ఉందని పెట్టేసింది.

ఫోన్ చెవి దగ్గరే కొంచెంసేపు ఉంచుకున్నాను. రెండున్నర కావస్తోంది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను.